హైదరాబాద్‌లో మూడు రాత్రులు, రెండు హోటళ్లు

కాకినాడలో రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, పొద్దున్నే లింగంపల్లిలో దిగి, మాదాపూర్ వైపున ఉన్న ఒక అయిదు నక్షత్రాల హోటల్‌కు చేరుకునేసరికి ఎనిమిది కూడా కాలేదు. డెబ్బై తొమ్మిదేళ్ల నాన్నగారు, డెబ్బై రెండేళ్ల అమ్మ, నా భార్య, నేను. మాతో రెండు సూట్‌కేసులు, ఒక వైరు బుట్ట, నాన్నగారి చేతికర్ర. రిసెప్షన్‌లోని అమ్మాయి నమస్కారం పెట్టి, చల్లని తడి తువ్వాళ్లు ఇప్పించి, పుల్లటి షర్బత్తు తెప్పించి, గదులు మధ్యాహ్నం రెండు గంటలకు సిద్ధమవుతాయని ఎంతో మర్యాదగా చెప్పింది. ఆ మర్యాదకు వంక పెట్టలేము గాని, ఆరు గంటల పాటు లాబీలోని మెత్తటి సోఫాలో కూరుకుపోయి కూర్చున్న నాన్నగారు, ఆ పైకప్పు నుంచి వేలాడుతున్న షాండ్లియర్‌లో ఎన్ని దీపాలున్నాయో రెండుసార్లు లెక్కపెట్టారు.

తప్పు హోటల్‌ది కాదు, నాది. పెద్ద హోటళ్లలో గది ఇచ్చే వేళ సాధారణంగా మధ్యాహ్నం రెండు, ఖాళీ చేసే వేళ పన్నెండు. కోస్తా జిల్లాల నుంచి హైదరాబాద్ వెళ్లే మా బోటివాళ్లు రాత్రి రైలో, స్లీపర్ బస్సో ఎక్కి తెల్లారేసరికి దిగుతారు. ఈ రెండింటికీ పొత్తు కుదరదని తెలిసి కూడా, బుకింగ్ వేళ గది వైశాల్యం, ఈతకొలను ఫొటోలు, స్పా రాయితీలు చూసుకున్నానే తప్ప, ఒక్క ఫోన్ చేసి పొద్దున్నే గది ఇస్తారా, ఇస్తే ఎంత అదనం అని అడగలేదు. ముందురోజు రాత్రికి కూడా అద్దె కట్టడమో, సగం రోజు అద్దెకు ఒప్పించుకోవడమో చేసి ఉంటే అమ్మా నాన్నగారూ స్నానం చేసి నడుం వాల్చేవారు. ఏళ్ల తరబడి బ్యాంకులో ఇతరుల దరఖాస్తుల్లో లోపాలు వెతికినవాణ్ణి, సొంత దరఖాస్తులో మొదటి గడినే ఖాళీగా వదిలేశాను.

మేము వచ్చిన పనులు రెండు. మా పెదనాన్నగారి మనవరాలి పెళ్లి మాదాపూర్‌లోనే ఒక కన్వెన్షన్ హాలులో జరుగుతోంది. ఆ మరునాడు అమ్మా నాన్నగార్ల పెళ్లికి యాభై ఏళ్లు నిండుతాయి. అందుచేత రెండు రాత్రులు మాదాపూర్‌లో, మూడో రాత్రి పాతబస్తీ అవతల కొండమీది ఫలక్‌నుమా ప్యాలెస్‌లో గడపాలని నిశ్చయించుకున్నాము. మొదటి హోటల్ గురించి చెప్పేవాటిలో మంచికంటే చెడు కొంత ఎక్కువ కనుక దాని పేరు రాయడం లేదు. రెండోదాని పేరు దాచవలసిన అవసరం లేదు.

హైదరాబాద్‌లో ఖరీదైన హోటల్ వెతికేవారు మొదట చూడవలసింది నక్షత్రాలు కాదు, నగరపటం. ఇక్కడి పెద్ద హోటళ్లు రెండు గుంపులుగా ఉన్నాయి. బేగంపేట, సోమాజిగూడ, బంజారాహిల్స్ వైపు పాత గుంపు: ఐటీసీ కాకతీయ, తాజ్ కృష్ణ, హుస్సేన్‌సాగర్‌కు ఎదురుగా ఉన్న 'ది పార్క్' హోటల్, ఆ తరువాత వచ్చిన పార్క్ హయత్ మొదలైనవి. మాదాపూర్, గచ్చిబౌలి వైపు ఐటీ కంపెనీలతో పాటు పెరిగిన కొత్త గుంపు: ట్రైడెంట్, వెస్టిన్, సమావేశ కేంద్రానికి ఆనుకుని ఉన్న నోవోటెల్, దుర్గం చెరువు పక్కన ఐటీసీ కోహినూర్. ఫలక్‌నుమా ఈ రెండింటిలో దేనికీ చెందక, చార్మినార్‌కు దక్షిణాన అయిదు కిలోమీటర్ల దూరంలో ఒంటరిగా నిలబడి ఉంది. పటంలో చూస్తే ఇవన్నీ ఒకే ఊరు. సాయంత్రం ఆరు గంటలకు మాదాపూర్ నుంచి బేగంపేటకు కారులో బయలుదేరినవాడికి మాత్రం ఇవి వేరువేరు ఊళ్లని తెలుస్తుంది. బంజారాహిల్స్‌లో పనిపెట్టుకుని గచ్చిబౌలిలో వెయ్యి రూపాయలు తక్కువకు గది దొరికిందని సంతోషించేవాడు, ఆ వెయ్యినీ క్యాబ్‌కు, ఒక పూటను ట్రాఫిక్‌కు సమర్పించుకుంటాడు. మెట్రో రాయదుర్గం దాకా ఉంది కనుక ఒంటరిగా, చేతిసంచితో తిరిగేవారికి కొంత వెసులుబాటు ఉంది గాని, పట్టుచీరలు కట్టుకుని, చేతికర్రతో నడిచే పెద్దవారిని వెంటబెట్టుకున్న కుటుంబానికి అది పనికొచ్చే మార్గం కాదు. శంషాబాద్ విమానాశ్రయంలో దిగేవారి లెక్క ఇంకొకటి. వారికి నగరం నడిబొడ్డుకన్నా ఫలక్‌నుమాయే దగ్గర.

ఇక ధర. వెబ్‌సైటులో పెద్ద అక్షరాలతో కనిపించే అంకె మనం కట్టబోయే అంకె కాదు. రోజు అద్దె 7,500 రూపాయలు దాటితే గదిపై జీఎస్టీ 18 శాతం. అంతకు లోబడి ఉంటే, 2025 సెప్టెంబరు 22 నుంచి, 5 శాతమే. ఈ గీత దగ్గర ఒక తమాషా ఉంది. అద్దె 7,400 అయితే పన్నుతో 7,770 అవుతుంది. అదే 7,600 అయితే 8,968 అవుతుంది. రెండు వందల తేడా దాదాపు పన్నెండు వందలకు పాకుతుంది. అందుచేత ఆ గీతకు ఇటూ అటూ ఉన్న గదులను పోల్చేటప్పుడు పన్ను కలిపిన మొత్తాన్నే చూసుకోవాలి. నిజమైన అయిదు నక్షత్రాల హోటళ్లలో ఈ బేరం సాధారణంగా కుదరదు, ఎందుకంటే అక్కడ అద్దె ఆ గీతకు చాలా ఎగువనే మొదలవుతుంది. పైగా అంత అద్దె వసూలు చేసే హోటల్‌లోని రెస్టారెంట్ బిల్లుపై కూడా పన్ను 18 శాతమే. వీధి చివరి ఉడిపి హోటల్లో అదే దోసెకు 5 శాతం. బిల్లులో సర్వీస్ ఛార్జి అనే వరుస కనబడితే, అది తప్పనిసరి కాదని, తీసేయమని అడిగే హక్కు మనకుందని 2022 జులైలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా వాటిని సమర్థించింది. మా మొదటి హోటల్లో ఆ వరుస ఉంది. నేను అడిగాను. మేనేజరు మారుమాట లేకుండా తీసేశారు. నాన్నగారు మాత్రం అడగడం చిన్నతనమని రోజంతా నొచ్చుకున్నారు.

ఆ హోటల్లో గది అద్దె రోజుకు 15,000, పన్నుతో 17,700. గది నిజంగా పెద్దది. పరుపు, దుప్పట్లు, నిశ్శబ్దంగా తిరిగే ఏసీ, వెలుతురు చొరని మందపాటి తెరలు, అన్నీ చెప్పుకోదగినవే. చిక్కంతా స్నానాలగదితో వచ్చింది. పడకగదికి, స్నానాలగదికి మధ్య గోడ ఉండవలసిన చోట ఇటునుంచి అటు కనిపించే నిలువెత్తు అద్దం బిగించారు. ఈ ఏర్పాటు ఎవరి ముచ్చట తీర్చడానికి పుట్టిందో గాని, ఈమధ్య కట్టిన చాలా హోటళ్లలో ఇదే కనిపిస్తోంది. అద్దానికి లోపలివైపు దించుకునే తెర ఉంది. దాని మీట మంచం పక్కన ఉన్న పదకొండు స్విచ్చుల్లో ఒకటి. ఏది ఏమిటో రాసి ఉన్న అక్షరాలు మాత్రం బూడిదరంగు మీద వెండిరంగులో, నా కళ్లద్దాలకే సరిగా ఆననంత సన్నగా ఉన్నాయి. అమ్మ ఆ మీట కోసం వెతకనే లేదు. వైరు బుట్టలోంచి క్లిప్పులు తీసి, రెండు పెద్ద తువ్వాళ్లను అద్దం పై అంచుకు ఆరేసి, తలుపు గడియ వేసుకుని స్నానం ముగించుకుని వచ్చింది. రాత్రి దీపాలు ఆర్పడం తెలియక నాన్నగారు స్నానాలగది దీపం వెలుగుతుండగానే పడుకున్నారు. ఇదంతా మరునాడు ఉదయం తెలిసింది. పెద్దవాళ్లు ఇటువంటివి ఫోన్ చేసి చెప్పరు.

ఇంకొకటి, బకెట్టు. నాన్నగారికి షవర్ కింద నిలబడితే తల తిరుగుతుంది. కూర్చుని చెంబుతో పోసుకోవడం ఆయన అలవాటు. అయిదు నక్షత్రాల హోటల్లో బకెట్టు అడగడానికి నాకే మొహమాటం వేసింది. అడిగితే మాత్రం హౌస్‌కీపింగ్ కుర్రవాడు పది నిమిషాల్లో కొత్త బకెట్టు, మగ్గు, అడగకుండానే ఒక ప్లాస్టిక్ స్టూలు, నేలమీద పరచడానికి జారని రబ్బరు పట్టా తెచ్చిపెట్టి, "మా తాతగారికి కూడా ఇంతేనండీ" అన్నాడు. ఆ హోటల్‌కు నేను మార్కులు వేయవలసి వస్తే సగం ఆ కుర్రవాడికే వేస్తాను. తక్కిన సగం ఉదయం ఫలహారశాలలో పెసరట్లు పోసిన వంటమనిషికి. ఆయనది తుని దగ్గర పల్లె. నాన్నగారి యాస వినగానే గుర్తుపట్టి, పట్టికలో లేకపోయినా లోపలినుంచి ఉప్మా తెప్పించి పెసరట్టులో పెట్టి, అల్లప్పచ్చడి మాత్రం లేదని నొచ్చుకున్నారు. ఆ పక్కనే ముప్పై రకాల రొట్టెలు, చీజు, కోసిన పండ్లు బారులు తీరి ఉన్నాయి. మేమెవరమూ అటు వెళ్లలేదు.

అసలు ఫిర్యాదు శబ్దం గురించి. మాకు ఇచ్చినవి రెండో అంతస్తు గదులు. వాటి కిందనే బాంకెట్ హాలు ఉన్న సంగతి ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ రాత్రి అక్కడ ఏదో పెళ్లికి ముందటి సంగీత్. ఆరుబయట లౌడ్‌స్పీకర్లకు రాత్రి పది గంటల హద్దు ఉన్నది గాని, తలుపులు మూసిన హాలులో ఆ హద్దు వర్తించదు. డప్పు దెబ్బ చెవికి వినబడదు. మంచం కాళ్లలోంచి ఎక్కి వెన్నులో తెలుస్తుంది. పన్నెండున్నర దాకా అమ్మ కూర్చునే ఉంది. మరునాడు చెబితే మమ్మల్ని తొమ్మిదో అంతస్తుకు మార్చారు, అక్కడ ఎంతో ప్రశాంతంగా నిద్రపట్టింది. మొదటే ఎందుకు మార్చలేదంటే, మొదటి రాత్రి పై అంతస్తులన్నీ పెళ్లివారే తీసుకున్నారట.

దీన్నిబట్టి నాకు తెలిసివచ్చిందేమిటంటే, హైదరాబాద్‌లో పెద్ద హోటల్ బుక్ చేసేముందు పంచాంగం చూడాలి. నేను వేళాకోళానికి అనడం లేదు. మాఘంలోనో, శ్రావణంలోనో మంచి ముహూర్తం ఉన్న రాత్రి ఈ నగరంలో హాలు ఉన్న ప్రతి హోటల్లోనూ ఒక పెళ్లి గాని, రిసెప్షన్ గాని ఉంటుంది. గదులు బంధువులకు పోతాయి, మిగిలినవాటి ధర పెరుగుతుంది, లిఫ్టులు పూలబుట్టలతో నిండి ఉంటాయి. ఆషాఢంలోనూ, మూఢం నడిచే రోజుల్లోనూ అవే హోటళ్లు గుళ్లలా నిశ్శబ్దంగా ఉంటాయి, అడిగితే ధర కూడా తగ్గిస్తారు. ఉద్యోగరీత్యా నేను బేగంపేటలోని ఐటీసీ కాకతీయలో పలుమార్లు బస చేశాను. ఆషాఢమాసంలో గడిపిన మూడు రోజులు నాకు ఇప్పటికీ గుర్తున్నాయంటే కారణం అదే. అక్కడి దక్షిణ్ రెస్టారెంట్‌లో దక్షిణాది రాష్ట్రాల వంటలు ఒకే విస్తరి మీదికి వస్తాయి. రొట్టెలు, సూపులు సహించని పెద్దవారితో ప్రయాణించేవారికి, నగరం మధ్యలో ఉండాలనుకునేవారికి నేను నేటికీ ఆ హోటల్‌నే సూచిస్తాను. భవనం పాతకాలపుది, కొత్త హోటళ్ల తళుకు దానికి లేదు. ఆ తళుకు లేకపోవడం నాకు లోటుగా తోచలేదు.

మూడో రోజు పదకొండున్నరకు మాదాపూర్ గదులు ఖాళీ చేసి ఫలక్‌నుమాకు బయలుదేరాము. మధ్యలో భోజనానికి ఆగినా రెండుకు ముందే కొండ కింది గేటు దగ్గర ఉన్నాము. ఈసారి వేళ విషయంలో నేను పొరపాటు చేయదలచుకోలేదు.

కారు గేటు దగ్గరే ఆగిపోతుంది. అక్కడినుంచి పైకి గుర్రపు బండిలో తీసుకువెళతారు. ఇది సినిమా హంగులా ఉంటుందేమోనని నేను అనుమానించాను. కాని బండి ఆ వంపు తిరిగి, తెల్లని స్తంభాల ముఖద్వారం ఒక్కసారిగా ఎదురయ్యేసరికి నాన్నగారు చేతికర్రను మోకాళ్ల మధ్య నిలబెట్టి, రెండు చేతులూ దానిమీద ఆనించి, నిటారుగా కూర్చున్నారు. మెట్ల దగ్గర పైనుంచి గులాబీ రేకులు చల్లారు. అమ్మ తన జడలో చిక్కుకున్న రేకును తీసి, పారేయకుండా చేతిరుమాలులో మడిచి పెట్టుకుంది. ఫలక్‌నుమా అంటే ఆకాశానికి అద్దం అని అర్థం. ఆ ముంగిట నిలబడి వెనక్కి తిరిగితే పాతబస్తీ మొత్తం కాళ్ల కింద పరుచుకుని కనబడుతుంది.

ఈ భవనాన్ని కట్టించినవాడు నిజాం కాదు. 'పైగా' అనే ప్రభువుల వంశానికి చెందిన నవాబు వికారుల్ ఉమ్రా 1884లో దీనికి పునాది వేశారు. పూర్తిచేయడానికి దాదాపు తొమ్మిదేళ్లు పట్టింది. ఇటలీ నుంచి పాలరాయి, ఐరోపా నుంచి అద్దాలు, దీపాలు తెప్పించి, తేలు ఆకారంలో కట్టించిన ఈ మేడ కోసం, రాజ్యానికి ప్రధానిగా చేసిన ఆ మనిషే అప్పులపాలయ్యారు. చివరకు 19వ శతాబ్దం ముగియబోయేముందు ఇది ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ చేతికి వెళ్లింది, ఆయన దీన్ని రాచ అతిథుల విడిదిగా వాడుకున్నారు. ఇల్లు పోయినా కట్టే సరదా పోని వికారుల్ ఉమ్రా ఆ తరువాత బేగంపేటలో పైగా ప్యాలెస్ కట్టుకున్నారు. వీసా ఇంటర్వ్యూల కోసం 2023 దాకా మన పిల్లలు వరుసకట్టి నిలబడిన అమెరికా కాన్సులేట్ ఆ భవనమే. అప్పుచేసి మేడ కట్టిన మనిషి కథను బ్యాంకు ఉద్యోగిగా నేను కొంచెం ఎక్కువ శ్రద్ధగానే విన్నానని ఒప్పుకుంటాను.

1951లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ బస చేసిన తరువాత ఈ మేడ దాదాపు అర్ధశతాబ్దం మూతపడి ఉంది. ఏడో నిజాం మనవడు ముకర్రం ఝా మాజీ భార్య యువరాణి ఎస్రా పూనికతో, తాజ్ సంస్థ పదేళ్ల పాటు మరమ్మతులు చేయించి, 2010 నవంబరులో హోటల్‌గా తెరిచింది. మొత్తం గదులు 60 మాత్రమే. హోటల్ గురించి ఏ ప్రకటనలోనూ పెద్దగా చెప్పని ఈ ఒక్క అంకె, నా దృష్టిలో, షాండ్లియర్లన్నిటికంటే ముఖ్యమైనది. వందల గదుల హోటల్లో ఉదయం ఫలహారం వేళకు పళ్లెం పట్టుకుని వరుసలో నిలబడతాము. ఇక్కడ రెండో పూటకే వడ్డించే ఆయన నాన్నగారికి కాఫీలో చక్కెర వద్దని గుర్తుపెట్టుకున్నారు.

సాయంత్రం బస చేసినవారిని భవనమంతా తిప్పి చూపిస్తారు. ఆ గంటన్నర కోసమైనా అక్కడ ఉండాలి. పాలరాతి మెట్లవరుస, విండ్సర్ కోటలోని గ్రంథాలయాన్ని చూసి చేయించిన కొయ్య చెక్కడపు పైకప్పు కింద పుస్తకాలు, బిలియర్డ్స్ బల్ల, కుర్చీలకు బంగారు రంగు నగిషీలున్న నాట్యశాల, ఒకప్పుడు ఇంటి దీపాలన్నిటినీ నడిపించిన భారీ స్విచ్‌బోర్డు చూసుకుంటూ భోజనశాలకు చేరుకున్నాము. అక్కడ ఒకేసారి 101 మంది కూర్చుని తినగల బల్ల ఉంది. ఆ చివర మాట్లాడిన మాట ఈ చివర వినబడేలా గదిని కట్టారని చెప్పి, మమ్మల్నీ పరీక్షించి చూడమన్నారు. అమ్మను ఒక చివర నిలబెట్టి, నాన్నగారు రెండో చివరకు కర్ర పొడుచుకుంటూ నడిచి వెళ్లి, ఏదో మెల్లగా అన్నారు. ఏమన్నారో మాకు వినబడలేదు. అమ్మకు వినబడిందో లేదో, "మీకు ఎప్పుడూ వేళాకోళమే" అని మాత్రం అంది. ఆ పూట మా డబ్బు గిట్టుబాటయింది.

రాత్రి భోజనం ప్యాలెస్‌లోని 'అదా' అనే రెస్టారెంట్‌లో. హైదరాబాదీ వంటకు పేరున్న చోటు కనుక మాంసాహారులకు అక్కడ పండగే. నేను పత్తర్ కా గోష్త్ తెప్పించుకున్నాను. రాతి మీద కాలిన మాంసం మెత్తగా, మసాలా తక్కువగా, ఎంతో నిదానంగా వండినట్టు ఉంది. శాకాహారులైన అమ్మా నాన్నగార్లకు బగారా బైంగన్, మిర్చీ కా సాలన్, చివర ఖుబానీ కా మీఠా వచ్చాయి. మన గుత్తివంకాయకు బగారా బైంగన్ దాయాది వరస అని అమ్మ తేల్చింది; నువ్వులు, వేరుశనగ ఒకటే, చింతపండు మాత్రం తక్కువ అని కూడా. వడ్డన నిదానం. ఆకలి మీద ఉన్నవారు ఈ సంగతి ముందే తెలుసుకుని వెళ్లాలి. మాకు తొందర లేదు.

ఈ ప్యాలెస్ ఎవరికి తగదో కూడా చెప్పాలి. మాదాపూర్‌లో రోజూ మీటింగులున్నవారికి తగదు, రాకపోకలతోనే రోజు గడుస్తుంది. బజారు పని, ఆసుపత్రి పని, పెళ్లి పని ఉన్నవారికీ తగదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారు, ఇది పాతకాలపు మేడ అని, మెట్లు, పొడవైన వసారాలు ఉంటాయని గుర్తుపెట్టుకుని, నడక తక్కువగా ఉండే గది ముందే అడిగి తీసుకోవాలి. మేము అలాగే అడిగాము, అలాగే ఇచ్చారు. బస చేసే స్తోమత లేనివారు భోజనానికో, సాయంత్రపు హై టీకో ముందుగా బుక్ చేసుకుని వెళ్లి రావచ్చు. రెండు రాత్రులు ఉండాలా అని అడిగితే, వద్దనే అంటాను. ఒక్క రాత్రి ఉండి, మధ్యాహ్నం రెండింటికల్లా చేరి, మరునాడు పన్నెండు దాకా కొండ దిగకుండా ఉండడమే సరైన పద్ధతి.

దీనికి నా లెక్క నాకుంది. గది అద్దెను రాత్రులతో కాక, మెలకువగా ఆ హోటల్లో గడిపిన గంటలతో భాగించి చూడాలి. మాదాపూర్‌లో పెళ్లి పనుల మధ్య మేము రోజుకు అయిదు గంటలకు మించి మెలకువగా హోటల్లో లేము. 17,700ను అయిదుతో భాగిస్తే గంటకు 3,540. ఫలక్‌నుమాలో గదికి ఇంచుమించు మూడింతలు కట్టాము. రెండు నుంచి పన్నెండు దాకా ఉన్న 22 గంటల్లో ఏడు గంటలు నిద్రకు తీసేస్తే పదిహేను గంటలు అక్కడే గడిపాము. గంటకు ఇంచుమించు అంతే తేలింది. అంటే నిద్రపోవడానికి మాత్రమే వెళ్లే హోటల్‌కు పదిహేను వేలు పోయడం దుబారా. శుభ్రమైన మూడు నక్షత్రాల గది, 7,500 గీతకు దిగువన, పెళ్లి హాలుకు నడిచి వెళ్లే దూరంలో తీసుకుని, మిగిలిన డబ్బుతో ఫలక్‌నుమాలో ఇంకా మంచి గది అడిగి ఉండవలసింది. ఈ లెక్క తిరుగు ప్రయాణంలో రైలులో వేశాను. నా భార్య చూసి, బయలుదేరేముందు వేయవలసిన లెక్క అంది.

వచ్చే ఏడాది అమ్మకు అమెరికా వీసా ఇంటర్వ్యూ ఉంటుంది, తమ్ముడి దగ్గరికి వెళ్లాలి. కాన్సులేట్ ఇప్పుడు నానక్‌రామ్‌గూడకు మారింది కనుక గచ్చిబౌలి వైపే గది చూస్తున్నాను. మొన్న ఒక హోటల్‌కు ఫోన్ చేసి, పొద్దున ఎనిమిదింటికి గది ఇస్తారా, బాంకెట్ హాలు ఏ అంతస్తులో ఉంది, స్నానాలగదికి గోడ ఉందా అద్దం ఉందా అని వరుసగా అడిగాను. అవతలి అమ్మాయి ఓపికగా అన్నిటికీ సమాధానం చెప్పి, ఇంకేమైనా కావాలా అని అడిగింది. బకెట్టు, మగ్గు, ఒక స్టూలు అని రాసుకోమన్నాను. రాసుకుంది.